కలెక్టరాఫీసు డౌన్ ఎక్కిన కాళ్ళు

మా చిన్నప్పుడు విశాఖపట్నం అల్లిపురంలో మా వీధి మొత్తానికి లావు మనిషి ఒక్కరే. కిరాణా కొట్టు షావుకారు. గల్లాపెట్టె వెనక చిన్న పరుపు మీద కూర్చుని, బొజ్జ మీద ఖాతా పుస్తకం ఆనించుకుని లెక్కలు రాసేవారు. ఆయన్ని చూసి ఎవరూ నవ్వినట్టు నాకు గుర్తు లేదు. ఆ రోజుల్లో బొజ్జ ఉందంటే ఇంట్లో బియ్యం డబ్బా నిండుగా ఉన్నట్టు. మిగతా వీధంతా పోర్టు కళాసీలు, రైల్వే వాళ్ళు, పూర్ణా మార్కెట్లో కూరగాయలమ్మే వాళ్ళు, ఒకరిద్దరు బడిపంతుళ్ళు. అందరివీ కంఠం కింద ఎముకలు లెక్కపెట్టగలిగే శరీరాలే. వేసవి సెలవులకు అమ్మమ్మగారి ఊరెళ్ళి వస్తే "పిల్ల కాస్త ఒళ్ళు చేసిందే" అనేవారు ఇరుగమ్మా పొరుగమ్మా. అది మెచ్చుకోలు. అమ్మ మురిసిపోయి, దిష్టి తగులుతుందని సాయంత్రం ఉప్పు తిప్పి పడేసేది.

ఇప్పుడు ఆ వీధికి వెళ్తే సన్నటివాళ్ళ కోసం వెతుక్కోవాలి. నన్ను కూడా కలుపుకునే చెప్తున్నాను. తమాషా ఏమిటంటే ఆ షావుకారుగారి మనవడు మాత్రం జిమ్ముకెళ్ళి, కొలిచి తిని, నాజూగ్గా తయారయ్యాడు. ఆయన దుకాణంలో మూటలు మోసే కుర్రాడికి ముప్పై ఏళ్ళకే పొట్ట. యాభై ఏళ్ళలో బొజ్జ కొట్టు యజమానిని వదిలేసి కూలివాడి మీదికి ఎలా వచ్చిపడిందా అని ఈ మధ్య తెగ ఆలోచిస్తున్నాను. ఈ రాత అందుకే.

నాన్న పోర్టులో టాలీ క్లర్కు. పేరుకు గుమాస్తా ఉద్యోగమే అయినా కుర్చీ ఉండేది కాదు. ఓడ పక్కన నిలబడి ఎన్ని బస్తాలు దిగాయో, ఎన్ని ఎక్కాయో గీతలు పెట్టుకుంటూ బెర్తు ఈ చివర నుంచి ఆ చివరకు తిరగడమే పని. ఇంటి నుంచి సైకిలు. షిఫ్టు మారే వేళ పోర్టు రోడ్డు మీద సైకిళ్ళ బారు చూస్తే కళ్ళు తిరిగేవి. అటు సింధియా వైపు షిప్‌యార్డు వాళ్ళది ఇంకో బారు. ఇంటికి వచ్చాక నాన్న చొక్కా విప్పితే వీపు మీద ఉప్పు అట్టలు కట్టి ఉండేది. కంచం నిండా, మామూలు నిండా కాదు, గోపురంలా అన్నం తినేవారు. అయినా ఎప్పుడూ అరవై కిలోలు దాటలేదు.

అమ్మ సంగతి చెప్పనక్కర్లేదు. తెల్లారకముందే వీధి కుళాయి దగ్గర బిందెల వరస. విశాఖలో నీళ్ళ కరువంటే ఏమిటో మా వయసు వాళ్ళకే తెలుసు. నీళ్ళయ్యాక రుబ్బురోలు, తర్వాత బట్టలు, ఆపైన మార్కెట్టు. వ్యాయామం అన్న మాట అమ్మ నోట నేను వినలేదు. అది పహిల్వానులు చేసే పని అని ఆవిడ లెక్క.

ఆదివారం సాయంత్రం మాత్రం అందరం బీచికి. సిటీ బస్సు ఉండేది కానీ ఇంతమందికీ టిక్కెట్లు పెట్టి వెళ్ళడం దండగ అని నాన్న నడిపించేవారు. జగదాంబ మీదుగా కలెక్టరాఫీసు దాటి డౌన్, అంటే అక్కడి వాలు రోడ్డు, దిగితే సముద్రం. దిగేటప్పుడు పరుగే. వచ్చేటప్పుడే అసలు సంగతి. విశాఖపట్నం వాళ్ళకు తప్ప ఇంకెవరికీ అర్థం కాదు, మేము డౌన్ "ఎక్కుతాం". చెల్లి సగంలో కూలబడితే నాన్న భుజమ్మీద వేసుకునేవారు. బీచిలో మాకు దక్కేది పేపరు పొట్లంలో మురీ మిక్చరు, అదే మరమరాల మిక్చరు. రెండు పొట్లాలు తీసుకుని అయిదుగురం పంచుకునేవాళ్ళం. ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి, నిమ్మరసం, నాలుగు పల్లీలు. పల్లీ ఎవరి చేతికి వస్తే వాళ్ళది. రంగు నీళ్ళ సీసాలు కూడా అమ్మేవారు గానీ అవి ఇంటికి చుట్టాలొస్తే గ్లాసుల్లో సగం సగం పోసి ఇచ్చే సరుకు. పిల్లలకు గోళీ సోడా దొరికితే పండగే.

నూనె గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా మటుకు నాకు మా ఇళ్ళల్లో మార్పంతా ఆ సీసాలోనే కనిపిస్తుంది. మా ఇంట్లో ఒక గాజు సీసా ఉండేది. మెడకు పురికొస కట్టి ఉండేది, జారకుండా పట్టుకోడానికి. నెల మొదట్లో నేనో అన్నయ్యో మార్కెట్టు దగ్గర గానుగ కొట్టుకి పట్టుకెళ్తే, ఆ కొట్టాయన గరాటు పెట్టి నువ్వుల నూనె కొలిచి పోసేవాడు. గరాటు చివర వేలాడే చుక్కను వేలితో తీసి నా తల మీద రాసేవాడు. ఇంట్లో అలమరలో ఆ సీసా కింద ఎప్పుడూ మడత పెట్టిన న్యూస్‌పేపరు, దాని మీద గుండ్రటి నూనె మరక. కూరకి పోపు గరిటెలో సగం, అంతే. గరిటెకి అంటుకున్నది కూడా పోనివ్వకుండా కూరలో వేసి తిప్పేసేది అమ్మ. నెలాఖరు వారంలో సీసా అడుగంటేది. అప్పుడు పులుసులు, ఉడకేసి ఆవ పెట్టిన కూరలు, కందా బచ్చలి, పచ్చళ్ళు, మజ్జిగ. గారెలూ అప్పడాలూ పండక్కే. పండగ మర్నాడు మూకుట్లో మిగిలిన నూనె మళ్ళీ పోపులకి.

తర్వాత రేషన్ షాపులో పామోలిన్ మొదలైంది. అమ్మకి మొదట్లో నచ్చలేదు, వాసన లేని నూనె నూనేమిటని. చవగ్గా దొరుకుతుంటే నచ్చకపోవడం ఎన్నాళ్ళు? 1994లో పామోలిన్ దిగుమతుల మీద ఆంక్షలు సడలించాక నూనె ధారగా వచ్చిపడింది. మా పోర్టులోనే దిగేది, నాన్న రోజూ చూసేవారు. ఆ తర్వాత టీవీలో గుండె బొమ్మ వేసి రిఫైన్డ్ సన్‌ఫ్లవర్ ప్యాకెట్లు. ఆ తర్వాత అయిదు లీటర్ల క్యాను. సీసాని ఎవరో పాత సామాన్లవాడికి ఇచ్చేశారు. క్యాను ఎత్తి మూకుట్లో పోసేటప్పుడు కొలత ఎవరు చూస్తారు? చెయ్యి ఆగినప్పుడు ఆగుతుంది.

నీతి ఆయోగ్ 2024లో వేసిన లెక్క ప్రకారం మన దేశంలో ఇప్పుడు తలకు ఏడాదికి 19.7 కిలోల వంట నూనె ఖర్చవుతోంది. ఇంట్లోది, హోటళ్ళది, బేకరీలది, ప్యాకెట్లలోది అన్నీ కలిపి. వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ చాలునంటున్నది 12 కిలోలు. ఆ తేడాని రోజుల మీద పంచి చూశాను. రోజుకు 20 గ్రాముల పైచిలుకు, అంటే దగ్గర దగ్గర 190 క్యాలరీలు. అది కరగాలంటే ముప్పావుగంట వడిగా నడవాలి. అంటే మేమంతా రోజూ కలెక్టరాఫీసు డౌన్ ఎక్కి దిగి మళ్ళీ ఎక్కాలన్నమాట. జరిగింది దానికి తలకిందులు. నూనె పెరిగిన కాలంలోనే డౌన్ ఎక్కడం మానేశాం.

ఇలా రాస్తుంటే ఆ రోజులే బంగారం అన్నట్టు వినిపిస్తోందేమో. మామ్మ గురించి చెప్తే ఆ భ్రమ పోతుంది.

మామ్మది చోడవరం వైపు పల్లె. నాన్నగారి అమ్మ. ఆవిడ తిండి చోడి (రాగి) అంబలి, గంటన్నం (సజ్జన్నం), ఇంత పచ్చిమిరపకాయ. మనిషి వెదురు బద్దలా ఉండేది. "మామ్మ ఎంత ఆరోగ్యంగా ఉండేదో, ఎనభై ఏళ్ళకి కూడా నిటారుగా నడిచేది" అని మా పెళ్ళిళ్ళలో ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటారు. నేను చూసింది వేరు. అందరి భోజనాలూ అయ్యాక కుండలో చెయ్యి పెట్టి చూసి, ఉంటే తినేది, లేకపోతే గంజి తాగి పడుకునేది. "నాకు ఆకలేటి, ముసిల్దాన్ని" అనేది. కడుపుతో ఉన్నప్పుడు కూడా అంతేనట. ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని అత్తగారు అన్నం తగ్గించేదట. మామ్మ కన్న బిడ్డల్లో బతికి బట్టకట్టినవాళ్ళు సగమే. ఆ సన్నదనాన్ని ఆరోగ్యం అనడానికి నాకు నోరు రాదు.

1983లో ఎన్టీ రామారావుగారు రెండు రూపాయలకు కిలో బియ్యం అన్నప్పుడు మామ్మ ఊళ్ళో జరిగిన సంబరం నాకు బాగా గుర్తుంది. తెల్లన్నం అంతవరకు పండక్కో, చుట్టాలొస్తేనో. అది రోజూ దొరికింది. రెండేళ్ళు తిరక్కుండా ఊళ్ళో చోళ్ళు తినేవాళ్ళు తగ్గిపోయారు. చోళ్ళు తింటున్నామని చెప్పుకోడం నామర్దా అయిపోయింది. ఆ బియ్యాన్ని తప్పు పట్టే హక్కు కడుపు నిండిన మాలాంటి వాళ్ళకి లేదు. ఆకలి తీరింది. కాకపోతే కడుపు నిండడం దగ్గర ఆగాల్సిన బండి అక్కడ ఆగలేదు. అన్నం కొండలా తింటూనే పొలం పని తగ్గింది, పప్పూ కూరా మాత్రం పెరగలేదు. ఇప్పుడు బీచి రోడ్డు మీద మిల్లెట్ అని బోర్డు పెట్టి అదే అంబలిని కాగితం గ్లాసులో అమ్ముతున్నారు. మామ్మ బతికుంటే ఆ రేటు విని గ్లాసు వెనక్కిచ్చేసేది.

మామ్మ ఆకలికీ మా పొట్టలకీ సంబంధం ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పుణెలో యాజ్ఞిక్ అనే డాక్టరుగారు ఏళ్ళ తరబడి తల్లుల మీద, పుట్టిన బిడ్డల మీద పరిశోధన చేశారు. మన బిడ్డలు తెల్లవాళ్ళ బిడ్డల కన్నా తక్కువ బరువుతో పుడతారు. కండ తక్కువ. కొవ్వు మాత్రం అంత తక్కువ కాదు. తల్లి కడుపులో తిండి కరువైన బిడ్డ శరీరం దొరికింది దాచుకోడం అక్కడే నేర్చుకుంటుందని ఆయన వాదన. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఆయనా, ఆయన స్నేహితుడు యుడ్కిన్ అనే ఇంగ్లండు డాక్టరూ పక్కపక్కన నిలబడిన ఫొటో వేశారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకి బరువెంతన్న లెక్క, ఒకటే, 22.3. చూడ్డానికి ఇద్దరూ సన్నమే. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, మన యాజ్ఞిక్‌గారికి 21.2 శాతం. ఆ ఫొటో చూసినప్పుడు మా ఇంటి మగాళ్ళంతా కళ్ళ ముందు మెదిలారు. కాళ్ళూ చేతులూ పుల్లలు, నడుం దగ్గర మాత్రం గుండ్రం. అందుకే ప్రపంచానికంతా బీఎంఐ 25 దాటితే అధిక బరువు అంటే, మన వాళ్ళకి 23 నుంచే జాగ్రత్త పడమంటారు డాక్టర్లు. నడుం చుట్టుకొలత ఆడవాళ్ళకి 80, మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు దాటకూడదంటారు. బరువు తూచే మిషను కన్నా టైలరు టేపే మన అసలు సంగతి బయటపెడుతుంది.

అంటే తరాల తరబడి కరువుకు అలవాటు పడ్డ శరీరాలివి. వాటి ముందు పాతికేళ్ళలో క్యాను నూనె, తెల్లన్నం, ఫోను నొక్కితే గుమ్మంలోకి వచ్చే బిర్యానీ పెట్టి, నడిచే దారి మూసేశాం. ఆ పైన "నోరు కట్టుకోలేరు" అని ఒకర్నొకరు తిట్టుకుంటున్నాం.

ఆ తిట్లన్నీ తిన్నవాడు మా పిన్ని కొడుకు. చిన్నప్పట్నుంచీ బొద్దుగా ఉండేవాడు. బళ్ళో వాడికి పేరు లేదు, "బొండాం" అంతే. కబడ్డీ ఆడడానికి వస్తే "నువ్వు కూర్చో, గ్రౌండు కుంగిపోద్ది" అనేవారు. ఒక మేష్టారు కూడా అనేవారు, క్లాసంతా నవ్వేది. వాడూ నవ్వేవాడు. మెల్లగా గ్రౌండుకి రావడం మానేశాడు. ఆడితే తగ్గేవాడేమో, ఆడనివ్వలేదు. ఇంటర్లో హాస్టలు. నాలుగంతస్తుల బిల్డింగు, కింద పార్కింగు, పైన క్లాసులు, ఇంకా పైన మంచాలు. గ్రౌండు అనేది ప్రాస్పెక్టసులో మాత్రమే. తెల్లవారుజామున లేపి అర్ధరాత్రి దాకా చదివించేవారు. నిద్ర తక్కువైతే ఆకలి పెరుగుతుందని, తీపి మీద, నూనె సరుకు మీద మనసు పోతుందని ఇప్పుడు డాక్టర్లు చెప్తున్నారు. మా వాడు రెండేళ్ళు బిస్కెట్లతో, సమోసాలతో ఆ నిద్రని పూడ్చుకున్నాడు. ర్యాంకు వచ్చింది. ఊళ్ళో ఫ్లెక్సీ కట్టారు. ఆ ఫ్లెక్సీలో వాడి మొహం మా ఎవరికీ గుర్తుపట్టేలా లేదు.

ఉద్యోగంలో చేరాక తగ్గాలని వాడు పడని పాట్లు లేవు. అన్నం మానేశాడు, నెల్లాళ్ళు తగ్గాడు, మళ్ళీ రెట్టింపు వచ్చింది. ఇందులో వాడి చేతకానితనం ఏమీ లేదు. బరువు తగ్గిన శరీరం ఆకలి పుట్టించే హార్మోన్లను పెంచేసి, ఖర్చు తగ్గించేసి, పోయినదాన్ని తిరిగి రాబట్టుకోడానికే చూస్తుంది. దానికి తోడు వంశం, థైరాయిడ్, కొన్ని మందులు, ఆడపిల్లలకైతే పీసీఓడీ అనే అండాశయాల సమస్య. ఒకసారి మోకాలి నొప్పికి వాణ్ణి ఒక ఆస్పత్రికి తీసుకెళ్తే, డాక్టరు మోకాలు ముట్టుకోకుండానే "ముందు పాతిక కిలోలు తగ్గించుకుని రా బాబూ" అన్నాడు. బయటికొచ్చి వాడు ఆటోలో కూర్చుని ఒక్కటే అన్నాడు: "అక్కా, ఇంక డాక్టర్ దగ్గరికి తీసుకురాకు." నాలుగేళ్ళు వెళ్ళలేదు. ఆ నాలుగేళ్ళలోనే షుగరు వచ్చింది. ఎగతాళి చేస్తే రోషం వచ్చి తగ్గుతారని మన వాళ్ళలో ఒక నమ్మకం. తగ్గినవాళ్ళని నేనింతవరకు చూడలేదు. దాక్కున్నవాళ్ళని చూశాను.

2025లో బరువు తగ్గించే మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు మన దేశానికి వచ్చాక వాడు డాక్టర్ని అడిగి మొదలుపెట్టాడు. ఆకలి తగ్గింది, మనిషి తేలికపడ్డాడు. "జీవితంలో మొదటిసారి తిండి గురించి ఆలోచించకుండా ఆఫీసు పని చేశానక్కా" అన్నాడు. మందు మంచిదే, కావలసినవాళ్ళకి అందాలి కూడా. కానీ నెలకి అన్నేసి వేలు పెట్టగలిగే మా వాడికి సరే, ఆ షావుకారు కొట్టులో మూటలు మోసే కుర్రాడికి?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత, 2019-21 నాటిది, చూస్తే మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 36.3 శాతం, మగవాళ్ళలో 31.1 శాతం మంది అధిక బరువో స్థూలకాయమో ఉన్నవాళ్ళు. దేశం మొత్తం మీద అది 24, 22.9. ఆడవాళ్ళే ఎందుకెక్కువో తెలుసుకోడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు, మా వదిన దినచర్య చూస్తే చాలు. కుళాయి ఇంట్లోకి వచ్చింది, మిక్సీ, వాషింగ్ మెషీను వచ్చాయి. వచ్చి మంచి పని చేశాయి, ఆ చాకిరీ మళ్ళీ రావాలని కోరుకునేవాళ్ళు రుబ్బురోలు తిప్పి ఎరగరు. అయితే ఒంటి పని పోయిన చోట నడకకో ఆటకో చోటు దొరకాలి కదా. దొరకలేదు. కాన్పు తర్వాత పెట్టిన బరువు అలాగే ఉండిపోయింది. చీకటి పడ్డాక రోడ్డు మీద నడవడానికి భయం, పగలు నడిస్తే "పనిలేదా" అన్న చూపు. చివరికి డాబా మీద నీళ్ళ ట్యాంకు చుట్టూ తిరుగుతుంది.

ఇక ఊరు. జగదాంబ నుంచి పూర్ణా మార్కెట్టు దాకా ఇవాళ ఫుట్‌పాత్ మీద నడవండి చూద్దాం. చెప్పుల దుకాణం స్టాండు, ట్రాన్స్‌ఫార్మరు, పార్కు చేసిన బండ్లు, మూతలేని కాలవ. దిగి రోడ్డు మీద నడిస్తే వెనక నుంచి హారను. మా వీధి చివర మేం కోతికొమ్మచ్చి ఆడిన ఖాళీ జాగాలో అపార్టుమెంటు. పెద్దవాల్తేరులో, అక్కయ్యపాలెంలో, ఎక్కడ చూసినా ఇదే కథ. పిల్లల్ని సందు చివరి ట్యూషనుకి కూడా స్కూటీ మీద దింపుతున్నాం. మనకు భయం, బండ్లు ఎక్కువయ్యాయని. ఆ ఎక్కువైన బండ్లలో మనదీ ఒకటి.

ఆర్కే బీచి రోడ్డు పొద్దున్న కొన్ని గంటలు బండ్లకు మూసేస్తారు. చాలా మంచి పని. సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర నిలబడితే ఊరంతా నడుస్తున్నట్టే ఉంటుంది. కాస్త పరకాయించి చూస్తే మటుకు ఆ నడిచేవాళ్ళు ఎవరో తెలుస్తుంది. అప్‌ల్యాండ్స్, లాసన్స్ బే, ఎంవీపీ, రిటైరైన ఆఫీసర్లు, ప్రొఫెసర్లు. దూరం నుంచి వచ్చేవాళ్ళు కార్లో వచ్చి, పక్క రోడ్డులో కారు పెట్టి నడుస్తారు. ద్వారకానగర్ బట్టల షాపులో పది గంటలు నిలబడే అమ్మాయి, గాజువాకలో ఆటో నడిపే మనిషి, రుషికొండ వైపు ఐటీ ఆఫీసులో రాత్రి డ్యూటీ చేసి తెల్లారి పడుకునే కుర్రాడు ఆ గుంపులో కనబడరు. సముద్రం ఒడ్డున కాదు, వాళ్ళ కంచరపాలెంలో, వాళ్ళ గాజువాకలో నడిచే దారి కావాలి వాళ్ళకి.

2025 జూన్ 21న యోగా దినోత్సవానికి ప్రధానమంత్రి మన ఊరే వచ్చారు. ఆర్కే బీచి నుంచి భోగాపురం వైపు రోడ్డు పొడుగునా చాపలు పరిచి లక్షల మంది ఆసనాలు వేశారు. నూనె పది శాతం తగ్గించుకోమని ఆయన ఆ రోజు కూడా గుర్తుచేశారు. మా వదిన కూడా వెళ్ళింది, టీషర్టు తెచ్చుకుంది. మాట మంచిదే. కాకపోతే నూనె తగ్గించమని వంటింట్లో ఆడదానికి చెప్పినంత గట్టిగా, ప్యాకెట్టు తయారుచేసేవాడికీ బడి ముందు అమ్మేవాడికీ ఎవరూ చెప్పడం లేదని నా ఫిర్యాదు.

మా పక్క సందులో ఒక బడి ఉంది. గేటు నుంచి నాలుగు అడుగులు వేస్తే బడ్డీకొట్టు. చూరు నుంచి తోరణాలు కట్టినట్టు అయిదు రూపాయల ప్యాకెట్ల దండలు. చిప్సు, కురుకురు మనే పుల్లలు, రంగు రంగుల ఉండలు. పిల్లాడి ఎత్తుకి సరిగ్గా అందేలా. చివరి దండకి ఎప్పుడూ రెండు ప్యాకెట్లు తక్కువుంటాయి, ఎవరో లాగేసి ఉంటారు. అరటిపళ్ళు మాత్రం లోపల, తక్కెడ వెనక, సగం నల్లబడి. అయిదు రూపాయలకి అరటిపండు రాదు, ప్యాకెట్టు వస్తుంది. బడికి యాభై మీటర్ల లోపల కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న సరుకు అమ్మకూడదని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020లోనే నిబంధన పెట్టింది. ఆ కొట్టతన్ని అడిగాను. "అలాంటి రూలుందా అమ్మా?" అని ఆశ్చర్యపోయాడు. అతని మీద నాకు కోపం లేదు. రోజుకి మూడొందలు మిగిలితే ఎక్కువ. అతన్ని మూయించేకన్నా ఉడకబెట్టిన పల్లీలు, జామకాయలు, మురీ మిక్చరు అమ్మితే బతికేలా చూడడం మున్సిపాలిటీ వాళ్ళు ఆలోచించాల్సిన సంగతి.

బయటి దేశాలు చేసినవి చూస్తే అసాధ్యమేమీ కాదనిపిస్తుంది. మెక్సికోలో 2014లో తీపి పానీయాల మీద లీటరుకి ఒక పెసో పన్ను వేశారు. కొనడం తగ్గింది. చిలీలో 2016 నుంచి చక్కెర, ఉప్పు, కొవ్వు ఎక్కువున్న ప్యాకెట్టు ముందు నల్లటి ఎనిమిది పలకల ముద్ర ఉండాల్సిందే, అలాంటివి బళ్ళలో అమ్మకూడదు. బ్రిటన్ వాళ్ళది ఇంకా తెలివైన పని. 2018లో చక్కెర ఎంతుందో దాన్ని బట్టి పన్ను మెట్లు మెట్లుగా పెట్టారు. పన్ను తప్పించుకోడానికి కంపెనీలే చక్కెర తగ్గించేశాయి, తాగేవాళ్ళు ఏమీ మానక్కర్లేకుండానే. మన దగ్గర కూల్‌డ్రింకుల మీద 40 శాతం పన్ను ఉంది. కానీ చక్కెర ఎక్కువైనా తక్కువైనా అదే పన్ను, ఇంక కంపెనీ ఎందుకు తగ్గిస్తుంది? ప్యాకెట్టు ముందు ముద్ర సంగతి ఇక్కడ ఏళ్ళ తరబడి నలుగుతోంది, నక్షత్రాలు వేద్దామా హెచ్చరిక వేద్దామా అని. మా అత్తయ్య చదువుకోలేదు. ప్యాకెట్టు వెనక చీమతలకాయంత అక్షరాలు చదువుకున్న నాకే కనబడవు. నల్ల ముద్ర అయితే ఆవిడకీ కనబడుతుంది.

మన దగ్గర జరిగిన మంచి పనులూ ఉన్నాయి. 1999లో వచ్చిన రైతు బజార్ల వల్ల ఎంవీపీలో, సీతమ్మధారలో, కంచరపాలెంలో మామూలు సంసారి ఆకుకూరలు కొనగలుగుతున్నాడు. మన రాష్ట్రం 2023లో ప్రభుత్వ బడుల్లో రాగిజావ మొదలుపెట్టింది. మామ్మ వదిలేసిన చోళ్ళు బడి గంట తర్వాత గ్లాసులో తిరిగొచ్చాయి. సీబీఎస్ఈ వాళ్ళు 2025లో బళ్ళలో చక్కెర బోర్డులు పెట్టమన్నారు, ఏ పానీయంలో ఎంత చక్కెర ఉందో పిల్లలకి తెలిసేలా. బోర్డు చదివిన పిల్లాడు గేటు బయటికొస్తే దండలు ఎదురవుతాయన్నది వేరే సంగతి.

నడిచేవాళ్ళకి రోడ్డు వదలడం మన ఊరికి చేతకాదని మాత్రం ఎవరూ అనొద్దు. ఏటా ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ చూడండి. కొండ కింద తొలి పావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక, అప్పూఘర్, వెంకోజీపాలెం, సీతమ్మధార, ఎన్ఏడీ, గోపాలపట్నం మీదుగా కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. మధ్యాహ్నం మొదలెట్టినవాళ్ళు రాత్రంతా నడుస్తారు. అమ్మ ఓపిక ఉన్నన్నాళ్ళు చెప్పులు లేకుండా నడిచింది. లావాటి ఆడవాళ్ళు, ఆయాసపడే మగాళ్ళు, చంకలో పిల్లలున్న తల్లులు, అందరూ నడుస్తారు. ఎవరూ ఎవర్నీ "ఈ ఒంటితో నడవగలవా" అనరు. ఆ రాత్రి కార్లు పక్కకి తప్పుకుంటాయి, వీధి దీపాలన్నీ వెలుగుతాయి, అడుగడుక్కీ మజ్జిగ, మంచినీళ్ళు, పళ్ళు, కూర్చోడానికి కుర్చీలు, కాళ్ళు నొక్కడానికి వైద్య శిబిరాలు. అర్ధరాత్రి రెండింటికి ఆడపిల్లలు నిర్భయంగా నడుస్తారు. మా వదిన, డాబా మీద ట్యాంకు చుట్టూ తిరిగే వదిన, పోయినేడాది పూర్తి ప్రదక్షిణ చేసింది. దేవుడి కోసం ఏడాదికోసారి ఇన్ని చేయగలిగిన ఊరు, అందులో నాలుగో వంతు రోజూ చేస్తే చాలు. దీపం, ఫుట్‌పాత్, తాగడానికి నీళ్ళు, కూర్చోడానికి ఒక బల్ల.

ప్రస్తుతానికి మా పోరాటం మా అపార్టుమెంటు వరకే. ప్లానులో పిల్లల ఆటస్థలం అని ఉన్న జాగా ఎప్పుడో పార్కింగైపోయింది. పిల్లలు సాయంత్రం నాలుగున్నర నుంచి కార్లు ఆఫీసుల నుంచి తిరిగొచ్చేదాకా అక్కడ క్రికెట్టు ఆడతారు, ఆరున్నరకి మొదటి కారు హారనుతో ఇన్నింగ్సు డిక్లేరు. ఆ జాగా పిల్లలకి ఖాళీ చేసి పెట్టాలని నేనూ, మూడో అంతస్తు టీచరమ్మా కలిసి అర్జీ రాశాం. పదకొండు ఫ్లాట్ల వాళ్ళు సంతకం పెట్టారు. ఆదివారం అసోసియేషన్ మీటింగు. అక్కడ కార్లు పెట్టే అయిదుగురిలో మా ఆయన ఒకరు. ఆయన ఇంకా సంతకం పెట్టలేదు. వీధి చివర పెట్టి నడిచి రమ్మంటే, "ఎండలో అంత దూరమా?" అంటున్నారు.